తలా మూతెడు మందు

మట్టి లేకుండా మొక్కలు పెంచుతానని ఆకమ్మ అన్న రోజున ఇంట్లో ముగ్గురూ మూడు రకాలుగా నవ్వారు. బేకరీలో పిండి పిసికీ పిసికీ రిటైరైన వాళ్ళమ్మ, పిండి లేకుండా రొట్టె చేస్తావా అంది. ఉద్యోగమంతా ఈతకొలను కడగడంలోనే గడిపిన వాళ్ళ నాన్న, నీళ్ళలో నిలబడాలంటే ముందు మొక్కకి ఈత నేర్పాలి కదమ్మా అన్నాడు. డ్రైవింగు స్కూలు నడుపుతూ అందరి చేతా మాస్టారనిపించుకునే మొగుడు, రోడ్డు లేకుండా బండి ఎలా పోతుందే అనబోయి, భార్య మొహం చూసి మధ్యలోనే బ్రేకు వేశాడు. ఆయన కాలి కింద ఎప్పుడూ ఒక బ్రేకు ఉంటుంది లెండి. నేర్చుకునేవాడి పక్క సీట్లో కూర్చునే మనిషి కదా. బండి ఎవడు నడిపినా ఆపాల్సింది తనే అనుకోవడం ఆయన వృత్తి, ఇంటికొచ్చాక అదే ఆయన జబ్బు.

అప్పటికింకా ఆవిడ ఆకమ్మ కాదు. లెట్యూస్ ఆకుల గురించి తప్ప ఇంకో మాట మాట్లాడ్డం మానేశాక మెట్ల మీద ఆడుకునే పిల్లలు పెట్టిన పేరది. పిల్లలు పెట్టిన పేరు పెద్దలు మార్చలేరు, ఇంట్లోవాళ్ళూ అదే వాడేసుకున్నారు.

ఈ ఆకుల పిచ్చి ఆవిడకి ఊరికే పట్టలేదు. మాస్టారి అక్కగారికి కుట్టు షాపుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆకమ్మ పని ఆ షాపులో కిటికీ పక్క స్టూలెక్కి చొక్కాల బొత్తాలకి కాజాలు కుట్టడం. వదినగారు చెడ్డ మనిషేం కాదు. కానీ ప్రతి కాజా దగ్గరికీ వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదికెత్తి, సూది తను పుచ్చుకుని చివరి నాలుగు కుట్లూ తనే వేస్తుంది. ఇన్నేళ్ళలో ఆకమ్మ మొదలుపెట్టి ఆకమ్మే ముగించిన కాజా ఒక్కటి లేదు. మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా తనదే అయిన పని ఒకటి కావాలని ఆవిడకి తగని కోరిక. అది కుట్టు కాకపోయినా సరే అనుకుంది, కుట్ర అన్నా సరే అనుకుంది.

"ఒక్క కాపు తీసి చూస్తాను వదినా. కొనేవాళ్ళు దొరికితే ఇక రాను. దొరక్కపోతే మర్నాడే వచ్చి స్టూలెక్కుతాను" అని చెప్పి వచ్చేసింది. వదినగారు సరేనంటూనే, ఆ స్టూలు మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వకుండా బట్టల మూట పెట్టి ఉంచింది.

కొనేవాళ్ళు దొరికారు కూడా. కాకపోతే మామూలుగా కొనే రకం కాదు. వీధి మలుపులో ఒక రెస్టారెంటుంది. దాని పెద్ద వంటావిడ గరిటె ఎత్తిందంటే వంటింట్లో అందరికీ ఊపిరి ఆగుతుంది, దించితే ఆడుతుంది. ఆవిడకి కోసిన ఆకు వద్దుట. మొక్కని వేళ్ళతో సహా బతికుండగానే తెచ్చి, గాజు సీసాలో నీళ్ళు పోసి నిలబెట్టి, బల్ల మీద పెడుతుందిట. తినేవాళ్ళు ఎవరికి కావలసిన ఆకు వాళ్ళే తుంచుకోవాలి. "ఆకు పచ్చగా ఉండటం గొప్ప కాదు. సీసాలో కనపడేది వేరు. అది దూదిలా తెల్లగా ఉండాలి. కాపు చేతికొచ్చే శనివారం వచ్చి చూస్తాను" అంది. అంటే మొక్కని పెంచడం ఒక ఎత్తు, వేరుని పెంచడం వేరే ఎత్తు.

వెనకగదిలో రెండు పొడుగాటి నల్ల తొట్లు. వాటి నిండా ఎరువు కలిపిన నీళ్ళు. నీళ్ళ మీద కన్నాలు పొడిచిన నల్లటి మూత, ప్రతి కన్నంలో ఒక జాలీ కప్పు, కప్పులో ఒక మొక్క. పైన ఆకులు, కింద చీకట్లో నీళ్ళలోకి వేలాడే వేళ్ళు. చేపలతొట్టికి పెట్టే గాలిపంపు ఒకటి అడుగున రాయిలోంచి బుడగలు వదులుతూ ఉంటుంది. గదిలో చెవిపెడితే ఎవరో రోజంతా పుక్కిలిస్తున్నట్టుంటుంది. మొదట్లో మొక్కలు చక్కగా వచ్చాయి. వేళ్ళు తెల్లగా, సన్నగా, దువ్విన జుట్టులా దిగాయి. ఆకమ్మ మురిసిపోయి ఒక మూత కొంచెం ఎత్తి అందరికీ చూపించింది.

చూపించడమే పొరపాటు. మాస్టారికి ఆ దృశ్యం తెగ నచ్చింది. ఇంత అందాన్ని నల్లమూత కింద దాచడమేమిటి, వెనకేం జరుగుతోందో అద్దంలో చూడకుండా బండి తోలడమేమిటి అనుకున్నాడు. భార్య బజారుకి వెళ్ళిన పూట నల్లమూతలు పీకేసి, వాటి కొలతలకే కన్నాలు కోయించిన పారదర్శకమైన ప్లాస్టిక్ మూతలు బిగించాడు. వేళ్ళు ఇంకా బాగా కనపడాలని కిటికీ తెర తీసి, పైన ఒక దీపం కూడా వేలాడదీశాడు. ఆకమ్మ తిరిగొచ్చి చూసి, ఇంట్లో ఒక మనిషైనా తన పనిని గొప్పగా చూస్తున్నాడని కళ్ళు తుడుచుకుంది. మూత నల్లగా ఎందుకుందో అని అడగడం ఇద్దరికీ తట్టలేదు. నలుపు చవకేమో అనుకున్నారు.

దాంతో తొట్టి కాస్తా టీవీ అయింది. ఎదురు వాటాలో ఉండే అమ్మానాన్నా పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు వచ్చి, కుర్చీలు వేసుకుని వేళ్ళు చూసేవారు. సాయంత్రం మాస్టారు వచ్చి చూసేవాడు. వారం తిరక్కుండా నీళ్ళకి పచ్చరంగు వచ్చింది. ఎండా దీపమూ కలిసి అవి చన్నీళ్ళూ కాకుండా, వేణ్ణీళ్ళూ కాకుండా, ఎవరో స్నానం మధ్యలో వదిలేసిన నీళ్ళలా తయారయ్యాయి. ఒకరోజు ఆకమ్మ ఒక కప్పు పైకి తీసేసరికి దువ్విన జుట్టు కాస్తా జడలు కట్టి ఉంది. గోధుమరంగు జిగురు. వేలితో పట్టుకుంటే జారిపోతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే బకెట్లో మర్చిపోయిన తడిబట్టల వాసన. పైన ఆకులేమో నడినెత్తికి ఎండ రాకముందే తలలు వాల్చేశాయి. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి దాహంతో చావడం లెట్యూస్‌కే చెల్లింది.

శనివారం దగ్గర్లోనే ఉంది. ఆకమ్మ కంగారుగా నీళ్ళు మార్చింది, వేళ్ళు కడిగింది. అంతవరకూ బాగానే ఉంది. భోజనాల దగ్గర ఆ సంగతి అందరికీ చెప్పింది. అదీ చేతులు కాలినట్టే, కాకపోతే పట్టుకోవడానికి ఆకులు కూడా బాగాలేవు.

వాళ్ళ నాన్నకి జిగురంటే జన్మవైరం. కొలనులో పలకల మధ్య జిగురు పట్టడం, జనం జారిపడటం, దాన్ని ఆయన మందు పోసి చంపడం, ఇదే ఆయన ఉద్యోగ చరిత్ర. జిగురన్నది ప్రాణి, ప్రాణికి మందు చావే, ఇందులో ఆలోచించడానికేముందన్నాడు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. నీళ్ళలో మంచి క్రిములుంటాయి, చెడ్డవీ ఉంటాయి, మంచివాటిని నాలుగు తెచ్చి పోస్తే అవే చెడ్డవాటిని గెంటేస్తాయి, పులిసే పిండికి తెలిసిన సంగతి చదువుకున్న మనిషికి తెలీకపోతే ఎలాగంది.

పిండి మాట వచ్చేసరికి ఆయన తల పళ్ళెంలోకి దించుకున్నాడు. దానికో కథుంది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పుట్టింటి నుంచి ఒక జాడీలో పులియబెట్టిన పిండి తెచ్చుకుంది. అది వాళ్ళమ్మ దగ్గర్నుంచి, ఆవిడకి వాళ్ళమ్మ దగ్గర్నుంచి వచ్చిన పిండి. రోజూ ఇంత కొత్తపిండి, ఇన్ని నీళ్ళు పోసి బతికించుకునే పిండి. కొత్త మొగుడు ఇంటిపనిలో సాయం చేద్దామని జాడీ మూత తీసి, బుడగలు చూసి, పాచి పట్టిందనుకుని, బ్లీచింగు పొడి వేసి తళతళా తోమి బోర్లించాడు. ఆయన ఇల్లాలికి చేసిన మొట్టమొదటి సాయం అది. ఆ జాడీ ఇప్పటికీ అంతే తెల్లగా ఉంది, ఆవిడ దాన్లో గుండుసూదులు పోసి పెట్టుకుంది.

ఆ భోజనాల దగ్గర ఆకమ్మ ఇద్దరికీ ఒకటే చెప్పింది, ఎవరూ ఏమీ పోయొద్దు, నేను చూసుకుంటానని. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. తల ఊపడానికీ మాట వినడానికీ మన ఇళ్ళలో ఏనాడూ సంబంధం లేదు.

నీళ్ళు మార్చిన మర్నాడు వేళ్ళు కాస్త తేటపడ్డాయి. ఆ మర్నాడు మళ్ళీ జిగురు. మళ్ళీ మార్చింది, మళ్ళీ తేటపడింది, మళ్ళీ పట్టింది, ఈసారి ఇంకా చిక్కగా. ఆకమ్మకి నిద్ర కరువైంది. తన చేతిలోనే ఏదో లోపముందేమో అని చేతులు కూడా వాసన చూసుకుంది. ఆ మధ్యే వదినగారు ఫోన్ చేసి, స్టూలు మీది మూట తీసి దులిపి పెట్టమంటావా అని అడిగింది. ఆకమ్మ ఔననలేదు, కాదనలేదు, కాసిన్ని నీళ్ళు నమిలింది. ఇంట్లో నీళ్ళకి కొదవ లేదు కదా.

శుక్రవారానికి రెండు రోజుల ముందు సంగతి. ఆకమ్మ బుడగలు వదిలే కొత్త గాలిరాయి కొనుక్కుని, అనుకున్నదానికంటే ముందే ఇంటికొచ్చింది. వెనకగది గడప దాటుతూ వరండాలోకి తెల్లటి నురుగు పాకుతోంది. లోపల తొట్లు రెండూ సబ్బునీళ్ళ గిన్నెల్లా పొంగుతున్నాయి. మొక్కలు నురుగులో మెడదాకా మునిగి, క్షవరానికి కూర్చున్న మనుషుల్లా ఉన్నాయి. ఆ తొట్టికి ఈ పక్క నాన్న, ఆ పక్క అమ్మ. ఆయన చేతులు వెనక్కి ఉన్నాయి, ఆవిడ చేతులు చీరకొంగులో ఉన్నాయి. ఇద్దరూ నురుగుని చూడకుండా పైకప్పు చూస్తున్నారు.

"నాన్నా, చేతులు ముందుకి పెట్టు" అంది ఆకమ్మ.

ఆయన చేతిలో దెబ్బలు కడిగే మందు సీసా ఉంది. అదే, గాయం మీద పోస్తే బుసబుసా పొంగే పెరాక్సైడు.

"అమ్మా, నువ్వు కూడా."

ఆవిడ కొంగులోంచి ఒక డబ్బా బయటికొచ్చింది, మంచి క్రిములున్న ద్రావణం. దాంతోపాటు చక్కెర పొట్లం ఒకటి కిందపడింది.

చక్కెరెందుకమ్మా అంటే, పాపం ఆకలేస్తుంది కదే, తిండి పెట్టకుండా పని చేయించుకుంటామా అంది ఆవిడ. పులిసే పిండికి రోజూ తిండి పెట్టిన చెయ్యి. క్రిములకి మాత్రం పెట్టకుండా ఎలా ఉంటుంది.

ఆకమ్మ అక్కడే గడప మీద కూలబడి, ఎరువులమ్మే షాపాయనకి ఫోన్ కలిపింది. ఆయన విని విని నవ్వాడు. ఆ మధ్య ఓ రోజు పొద్దున మీ నాన్నగారొచ్చి ఒకటి పట్టుకెళ్ళారు, ఆ సాయంత్రమే మీ అమ్మగారొచ్చి ఇంకోటి పట్టుకెళ్ళారు, ఇద్దరూ అమ్మాయికి చెప్పొద్దన్నారు, రెండు తొట్లకి చెరొకటి అనుకున్నానమ్మా అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉంది. మాట అందరికీ వినపడుతోంది.

"రెండూ మంచి మందులేనండీ. విడివిడిగా వాడితే దేనికదే పనిచేస్తుంది. కానీ ఒకే తొట్లో అంటే, మీ అమ్మగారు మధ్యాహ్నం పోసిన క్రిముల్ని మీ నాన్నగారు మర్నాడు పొద్దున్నే చంపేస్తున్నారు. ఆ చచ్చినవీ, ఆ చక్కెరా కలిపి జిగురుకి విందు."

ఆకమ్మ ఫోన్ పెట్టేసింది. వాళ్ళమ్మ మొగుడి వైపు తిరిగింది.

"మళ్ళీ చంపారన్నమాట" అంది.

ఇన్నేళ్ళ తర్వాత అదే నేరం, అదే చేతులు, అదే బుడగలు. ఈసారి కనీసం జాడీ లేదు అడ్డంపెట్టుకోవడానికి. తెలీక చేశానే అన్నాడు చివరికి. ఈ మాట అప్పుడే అనుండాల్సింది అందావిడ, కానీ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువుంది. ఇన్నేళ్ళుగా ఆ మాట ఆయన నోట వినలేదు కాబోలు. అప్పట్లో ఆయన పాచి పట్టిందనే వాదించాడు తప్ప తెలీదని అనలేదు.

సరిగ్గా ఆ సమయానికి మాస్టారు వచ్చాడు. నురుగు చూసి, అత్తమామల్ని చూసి, దీపం వెలుగులో మెరిసిపోతున్న మూతల్ని చూసి, ఎంత అందంగా ఉందో అనబోయాడు. ఆకమ్మ షాపాయన చెప్పిన ఇంకో ముక్క ఆయనకి చెప్పింది. వెలుతురు తగిలితే నీళ్ళలో పాచి పుడుతుంది, వెచ్చగా ఉన్న నీళ్ళలో గాలి నిలవదు, గాలి లేక వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. మూతలు నల్లగా ఉన్నది చవక కోసం కాదు, చీకటి కోసం. జిగురుకి తలుపు తీసింది మాస్టారు, కుర్చీ వేసింది వాళ్ళ నాన్న, తీపి పెట్టింది వాళ్ళమ్మ. తెలుగులో వేళ్ళంటే మొక్కవీ అవుతాయి, చేతివీ అవుతాయి. ఆ ఇంట్లో రెండు రకాలూ ఒకే నీళ్ళలో చేరాయి.

మాస్టారు కుర్చీ ఎక్కి దీపం ఊడదీశాడు.

ఇక ఇద్దరూ కూతురి మొహమే చూస్తున్నారు. ఎవరి మందు పక్కన నిలబడుతుందోనని. నాన్న మందు చాలంటే అమ్మకి రెండో జాడీ పోయినట్టే. అమ్మ మందు చాలంటే నాన్న ఉద్యోగమంతా దండగ. ఆకమ్మకి ఇంతకు మించిన పరీక్ష ఆ వంటావిడ కూడా పెట్టలేదు. కాసేపు నురుగుకేసి చూసి అంది:

"ముందు నాన్న, తర్వాత అమ్మ. మధ్యలో ఎవరూ కాదు."

అదేంటే, ఆయన ముందెందుకంది వాళ్ళమ్మ.

"నువ్వు ముందెళ్తే ఆయన చంపేస్తాడు కదమ్మా. ఆయన పని అయిపోయాక వెళ్తే ఇక నిన్నెవరు చంపుతారు?"

ఆ తర్కం ఆవిడకి నచ్చింది. అంతా కలిసి పనిలో పడ్డారు. తొట్లు రెండూ ఖాళీ చేసి స్నానాలగదిలోకి మోశారు. ఖాళీ తొట్టి నాన్నకి అప్పగిస్తే, ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బ్లీచింగు నీళ్ళతో మూలమూలలా తోమి, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, చివరికి వేలితో రుద్ది కిర్రుమనిపించాడు. కొలను ఉద్యోగం అయిపోయాక ఆ మనిషి మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు. గాలిపంపు గొట్టాలు కూడా ఊడదీసి ఊదాడు. ఆకమ్మ ఒక్కో మొక్కనీ పళ్ళెంలో పడుకోబెట్టి, కుళ్ళి మెత్తబడ్డ వేళ్ళు కత్తిరించి, మిగిలినవి చల్లటి నీళ్ళలో ఝాడించింది. ఆ పని చేసే చేతులు ఆవిడవే, కత్తెరా ఆవిడదే, చివరి కోతా ఆవిడదే. వేళ్ళు బొత్తిగా లేని కొన్నిటిని పక్కకి తీసేసింది. మిగిలినవాటిని కొత్త నీళ్ళలో, కొత్త ఎరువుతో నిలబెట్టి, నాన్న మందు తను కొలిచి పోసింది, సీసాతో కాదు, మూతతో. నల్లమూతలు మళ్ళీ వచ్చాయి. కిటికీకి తెర పడింది.

ఆ మందు రెండ్రోజుల్లో విరిగిపోయి మామూలు నీళ్ళయిపోతుందిట. అప్పటిదాకా ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు. అన్నిటికంటే కష్టమైన మందు అదే. ఎదురు వాటాలో అమ్మానాన్నల దగ్గరున్న తన ఇంటి తాళంచెవి ఆకమ్మ వెనక్కి తీసుకుంది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని వరండాలో అటూ ఇటూ పచార్లు చేశాడు. అమ్మ వెనకగది తలుపుకి చెవి ఆనించి, బుడగలు కాస్త నెమ్మదిగా వస్తున్నట్టున్నాయే అని రోజుకి ఎన్నిసార్లందో లెక్కలేదు. మాస్టారు భోజనం చేస్తుంటే బల్ల కింద కుడికాలు దానంతటదే నొక్కుకుంటోంది. ఆయన బాధ చూడలేక ఆకమ్మ ఆయనకొక ఉద్యోగం ఇచ్చింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళసీసాలు మూతలు బిగించి తొట్లో వేయాలి, కరగ్గానే మార్చాలి, నీళ్ళలో ఉన్న ఉష్ణమాపి ముల్లు తను గీసిన గీత దాటకూడదు. ఇంకేమీ చేయకూడదు. ఆయన ఆ ముల్లుని స్పీడు ముల్లులా కాశాడు. గీత దగ్గరికి వస్తే చాలు, సీసా పట్టుకుని పరిగెత్తాడు.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ వంతు వచ్చింది. ఆవిడ చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు వచ్చింది. డబ్బా మూత బిగుసుకుపోయి రాలేదు. పక్కనే నిలబడ్డ ఆయన డబ్బా పుచ్చుకుని, మూత తిప్పి తీసి, దాన్లోకి ద్రావణం ఒంపి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, మూతెడు మందూ నీళ్ళలో పోసింది. చక్కెర వేయలేదు.

ఆకలేస్తే అని ఆవిడ గొణిగింది. వేళ్ళ దగ్గర వాటికి కావలసింది దొరుకుతుందిట లేవే అన్నాడు ఆయన. ఆయన క్రిముల పక్షాన మాట్లాడటం చరిత్రలో అదే మొదలు.

శనివారం పెద్ద వంటావిడ వంటింట్లోంచే నేరుగా వచ్చినట్టుంది, ఏప్రాను కూడా విప్పలేదు. వెనకగది ఉన్నంతలో మెరుస్తోంది. మాస్టారు ముందే వచ్చి, కొత్త వేళ్ళు తెల్లగా దిగిన మొక్కలన్నీ తలుపు వైపుకి, పాత మచ్చలున్నవి గోడ వైపుకి సర్దేశాడు. బండి అమ్మేటప్పుడు సొట్ట ఉన్న వైపు గోడకి ఆనించినట్టన్నమాట. ఆకమ్మ చూసింది గానీ అప్పటికే ఆవిడ లోపలికొచ్చేసింది.

వంటావిడ ముందు ఆకు వాసన చూసింది, బాగుందంది. తర్వాత తొట్టి దగ్గరికి వంగి మూత అంచు పట్టుకుని ఎత్తి, కుడిచేతి వేళ్ళు నీళ్ళలోకి దించబోయింది, పులుసు రుచి చూసే మనిషి అలవాటుతో. ఉల్లిపాయలూ వెన్నా మసాలా అన్నీ ఉన్నాయి ఆ చేతికి. నాన్న తన చేతులు వెనక్కి కట్టేసుకున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. మాస్టారి కాలు నేలని నొక్కింది. కొనబోయే మనిషిని ఆపేదెవరు?

ఆకమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి పెట్టకండి."

వంటావిడ తలెత్తింది. ఆ చేతిని ఆపినవాళ్ళు ఇదివరకెవరూ లేరని మొహంలోనే తెలుస్తోంది. మణికట్టు మాత్రం ఇంకా ఆకమ్మ చేతిలోనే ఉంది.

"మా అమ్మానాన్నలకి కూడా ఇదే చెప్పాను. మీకు ఏది చూడాలంటే అది నేను తీసి చూపిస్తాను" అంది ఆకమ్మ.

తలుపు వైపున్న మొక్క ఒకటి తీసి చూపించింది. వేళ్ళు తెల్లగా దిగాయి. వంటావిడ ఊఁ అంది. తర్వాత ఆకమ్మ గోడ వైపుకి వెళ్ళి, మాస్టారు కనుబొమలు ఎగరేస్తున్నా పట్టించుకోకుండా, మచ్చలున్న మొక్క ఒకటి తీసి దీన్నీ చూడండంది. పైన టీరంగు మరకలు, కింద కొత్తగా వచ్చిన తెల్లటి కొసలు. ఈ మొక్కలకి మొన్న జిగురు పట్టిందనీ, కడిగి బాగుచేసుకున్నాననీ, ఈ మరక జిగురు కాదు, పాత మచ్చ అనీ చెప్పింది. నమ్మకపోతే వాసన చూడమంది. వంటావిడ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. వాన పడ్డ కాసేపటికి నేల దగ్గర వచ్చే వాసన.

"వీటిని మీకివ్వను. సీసాలో బాగుండవు. మా ఇంట్లో తినేస్తాం. మీరు అడిగినన్ని ఈ వారం లేవు, సగమే ఉన్నాయి. సగం చాలంటే తెచ్చిస్తాను, చాలవంటే ఏమీ అనుకోను" అంది ఆకమ్మ.

ఏమీ అనుకోను అన్నది పచ్చి అబద్ధం. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ కళ్ళ ముందు కిటికీ పక్క స్టూలు, దాని మీది మూట, కళ్ళజోడు నుదుటికెత్తుకుని సూది కోసం చాచిన చెయ్యి కదులుతున్నాయి.

వంటావిడ తన చేతిని తను ఒకసారి చూసుకుని ఏప్రానుకి తుడుచుకుంది.

"నా గిన్నెలో వేరేవాళ్ళు గరిటె పెడితే నేనైతే చెయ్యి పట్టుకుని ఊరుకోను" అంది. తర్వాత, "సగం పంపించు. మిగతా సగం ఎప్పుడు తయారైతే అప్పుడు నువ్వే చెప్పు. నేను అడగను" అంది.

ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది. తర్వాత ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. నాన్న తన తొట్టి తోముడే గెలిపించిందన్నాడు. అమ్మ వాన వాసన తన క్రిములదేనంది. మాస్టారు గోడ వైపు మొక్క తియ్యకుండా ఉంటే మొత్తం కొనేసేది కదే అని మొదలుపెట్టి, భార్య తన వైపు తిరగ్గానే, సీసా మార్చే వేళైందని ఫ్రిజ్ దగ్గరికి పోయాడు.

ఆకమ్మ వరండాలోకి వెళ్ళి వదినగారికి ఫోన్ చేసింది. కొనేవాళ్ళు దొరికారనీ, ఇక రాననీ చెప్పింది. అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది. సంతోషమేనమ్మాయ్, కానీ నీ కాజాల్లాంటివి ఇంకెవరూ కుట్టరు అంది వదినగారు. చివరి నాలుగు కుట్లూ మీవే కదా వదినా అంది ఆకమ్మ. అలవాటే తల్లీ, నువ్వు కుట్టింది బాగాలేక కాదు, చేతులూరుకోవు అంది ఆవిడ. అది ఇన్నేళ్ళలో ఆకమ్మ విన్న మొదటి మెప్పు. కాస్త ఆలస్యంగా వచ్చినా వేరు తెల్లగానే ఉంది.

"రేపు ఆదివారమేగా, షాపు కట్టేసి ఓసారి వచ్చి ఆ మొక్కలేవో చూస్తాను" అంది వదినగారు.

"తప్పకుండా రండి వదినా" అంది ఆకమ్మ. లోపల్నుంచి అమ్మానాన్నల వాదన వినపడుతోంది. వరండా తలుపు దగ్గరికి లాగింది. "చూడ్డానికే రండి."